ఎనిమిదో పుస్తకంలో అమ్మ

సెప్టెంబరు 20, ఆదివారం

నా డైరీయే అయినా ముందు క్షేమాలడగాలి, అందరూ ఎలా ఉన్నారో. డేరిల్, నడుం ఎలా ఉందిరా నాయనా? సముద్రంలోంచి లాబ్‌స్టర్ బోనులు ఒక్కడివే లాగకురా, ఒక మనిషిని పెట్టుకోరా అంటే విన్నావా. మీ నాన్నా వినలేదు, మట్టిలోకి వెళ్ళేదాకా. ఆర్విల్లా, మోకాలి వాపు తీసిందా? తీసే ఉంటుందిలే, పొద్దున చర్చి మెట్లు నాకంటే ముందే ఎక్కేశావు. పాస్టరు గారికి దగ్గు తగ్గిందా? తగ్గకుండానే అంత పొడుగు ప్రసంగం చెప్పాడు, తగ్గితే ఇక మా గతేమిటో. డీకన్‌కి చెవి నయమైంది. గోకవద్దంటే గోకడం మానింది, పిల్లికున్న బుద్ధి ఈ ఇంట్లో మనుషులకెవరికీ లేదు.

రోవీనా, నువ్వెలా ఉన్నావే? కళ్ళు మంటలన్నావు కిందటి వారం. నలభై తొమ్మిదేళ్ళ మనిషివి, పోర్ట్‌లాండ్‌లో గదిలో ఒక్కదానివే కూర్చుని రోజంతా ఆ తెర మీద "నాకు పదహారేళ్ళు" అని రాసుకుంటుంటే కళ్ళు మండక చల్లగా ఉంటాయా.

నేనా. బాగానే ఉన్నా. గుండెలో ఆ దడ మాత్రం రోజూ వస్తోంది, పిచ్చుక పిల్లని గుప్పిట్లో పట్టుకున్నట్టు. పెద్దాసుపత్రిలో పరీక్ష చేయించుకోమని డాక్టరు చెప్పి చాలా రోజులైంది. వెళ్తాను. ముందు నా కూతురు రోవీన రాస్తున్న కొత్త పుస్తకంలో అమ్మ ఎలా చస్తుందో తెలియాలి. అది తెలియకుండా పరీక్షకెళ్ళి లాభమేముంది?

సెప్టెంబరు 21

ఆర్విల్లా పొద్దున్నే వచ్చింది. కాఫీకని పేరు, వచ్చేది నన్ను పొడవడానికి. మా ఆయన మెర్టన్ చెల్లెలని ఇన్నేళ్ళు ఓర్చుకున్నా. మెర్టన్ పోయాడు, ఇది మిగిలింది.

"ఏం వదినా, ఈసారి ఎలా పోతున్నావు? నీళ్ళలోనా, నిప్పులోనా?"

"నీ నోట్లో మన్ను పడ."

"నా నోట్లో నీ బిస్కెట్టుంది వదినా. దీనికంటే మన్నే మెత్తన."

నవ్వుతుంది. దానికేం, అది ఏ పుస్తకంలోనూ చావలేదు.

రోవీన ఏడు పుస్తకాలు రాసింది. అన్నీ పదిహేనూ పదహారేళ్ళ పిల్లల కోసమే. ఏడింట్లోనూ అమ్మ చచ్చింది. మొదటిదాంట్లో పుస్తకం తెరిచేసరికే సమాధిలో ఉంది, పిల్ల పూలు పెడుతోంది. ఆ చలికాలమే నేను మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నా. రెండోదాంట్లో అమ్మ ఇంటితో సహా కాలిపోయింది, మా వంటింటి పొగగొట్టానికి నిప్పంటుకుంది. మూడోదాంట్లో తోడేళ్ళు తిన్నాయి. అప్పుడు నాకేమీ కాలేదు గానీ పాత పిల్లి చచ్చింది, అదీ లెక్కే. నాలుగోదాంట్లో ఎక్కడో చుక్కల్లో గాలి అందక పోయింది, నాకు ఊపిరితిత్తులకి నెమ్ము చేసింది. తర్వాత లెక్కపెట్టడం మానేశా. పుస్తకం వచ్చిన నెలలో మెట్లెక్కను, ముళ్ళున్న చేప తినను.

అన్నీ అలమరాలో ఉన్నాయి. ఒక్కటీ పూర్తిగా చదవలేదు. అమ్మ పోయిన పేజీ దాకా చదివి మూసేస్తా. నేను లేని ఇంట్లో ఏం జరిగితే నాకేంటి? అట్టల మీద మాత్రం ఎప్పుడూ ఒక పిల్ల, వీపు మనకి చూపించి, నేల మీద ఈడ్చే గౌను వేసుకుని. లోపల ఏ పిల్లకీ గౌను ఉండదు. వెనకట్ట మీద ఇంకో నలుగురు రచయితలు "ఊపిరాడలేదు" "నిద్రపోలేదు" అంటారు. వాళ్ళ పుస్తకాల మీద ఇదీ అదే అంటుంది. ఒకరికొకరు డప్పు కొట్టుకోవడం. ఊపిరాడకపోతే ఆసుపత్రికి పోవాలి గాని అట్ట మీద రాస్తారా?

సెప్టెంబరు 27, ఆదివారం

రోవీన ఫోను.

"అమ్మా, కొత్త పుస్తకంలో అమ్మ బతికే ఉంది."

"ఎంతసేపు?"

"చివరిదాకా."

"ఒంట్లో బాగోలేదా నీకు?"

నవ్వింది. ఆ నవ్వులో ఏదో తేడా ఉంది, తర్వాత ఆలోచించాలి. ఆ అమ్మ పేరు ఓపల్ అట. చేపల ఫ్యాక్టరీలో పనట. కత్తెరతో సార్డీన్ చేపల తలలు తోకలు కత్తిరించి డబ్బాల్లో సర్దుతుందట. నాలాగే.

"ఎవరు చదువుతారే ఆ కంపు? మీ పిల్లలకి తోడేళ్ళు కావాలి గాని."

"వేళ్ళకి టేపు ఎలా చుట్టుకునేదానివో చెప్పమ్మా."

"చుట్టుకునేదాన్ని. అంతే. చూపుడు వేలికి రెండు వరసలు, బొటనవేలికి మూడు. తడిస్తే జారేది. ఎందుకు నీకివన్నీ?"

రాసుకుంటోంది. చప్పుడు వినబడింది.

సెప్టెంబరు 28

దడ లేదు.

సెప్టెంబరు 29

దడ లేదు. ఆసుపత్రికి అంత తొందరేముంది.

అక్టోబరు 4, ఆదివారం

మళ్ళీ ఫోను, మళ్ళీ ప్రశ్నలు. పక్క బల్ల దగ్గర ఎవరు నిలబడేవాళ్ళు, ఏం తిట్టుకునేవాళ్ళు, వేలు తెగితే ఎవరికి చెప్పేవాళ్ళు. ఎవరికీ చెప్పేవాళ్ళం కాదు, ఇంకో వరస టేపు చుట్టుకునేవాళ్ళం. పదమూడేళ్ళకి ఆ బల్ల దగ్గర నిలబడ్డా, నా చదువు అక్కడితో సరి. ఇవన్నీ చెబితే కథలవుతాయా. దీనికి అన్నీ కథలే. బీమా కంపెనీలో కూర్చుని చక్కగా ఉద్యోగం చేసుకునేది. మొదటి పుస్తకం వచ్చి, నీలం గోళ్ళ పిల్లలు సంతకాలకి వరస కట్టేసరికి తలకెక్కింది. ఉద్యోగం మానేసింది. జుట్టులో ఊదా రంగు పాయ వేయించుకుంది, బడులకి వెళ్ళి పిల్లల ముందు మైకు పట్టుకోడానికి. పిల్లలు అడిగేవి రెండే ప్రశ్నలట. నీకు కుక్క ఉందా? నువ్వు బాగా డబ్బున్నదానివా? రెండింటికీ ఒకటే జవాబు.

చివరి రెండు పుస్తకాలు ఎవరూ కొనలేదు. షాపులో నేనే చూశా, సగం ధర చీటీ అంటించి కొవ్వొత్తుల పక్కన పడేశారు. నేను వాటిని తీసి ముందు వరసలో పెట్టా. షాపు పిల్ల వచ్చి మళ్ళీ కొవ్వొత్తుల దగ్గర పెట్టింది.

నిన్న చర్చిలో బీన్స్ విందు. ఓపల్ సంగతి పాస్టరు గారి భార్యకి ఒక్కదానికే చెప్పా. ఊరంతా ఎలా తెలిసిందో నాకు తెలియదు.

అక్టోబరు 11, ఆదివారం

ఫోను రాలేదు. రోడ్డు మీద ఏమైనా అయిందా. జ్వరమా. గ్యాసు పొయ్యి ఆపిందా.

అక్టోబరు 12

రాలేదు. నేనేం ఫోను పక్కన కూర్చోలేదు. కుర్చీ అక్కడుంది, కూర్చున్నా.

అక్టోబరు 13

వచ్చింది. గొంతు పూడుకుపోయి ఉంది. జలుబా అంటే కాదంది.

న్యూయార్క్‌లో దీని ఎడిటరు ఒక పిల్ల ఉంది, పైపర్ అని. ఇరవై తొమ్మిదేళ్ళు. మా రోవీన పుస్తకాలు దాని చేతిలో ఉన్నాయి, మా రోవీన చెప్పులంత వయసు లేదు దానికి. ఆ పిల్ల ఓపల్‌ని చంపమంటోంది. మూడో అధ్యాయం దాటకూడదట. కొందరు కుర్రపిల్లలకి ముందుగా చదవడానికిస్తే, వాళ్ళూ అదే అన్నారట.

"అసలు ఏమంటుందే?"

"అమ్మ ఉంటే పిల్ల కదలట్లేదంటుంది."

"పిల్లలు కదలకూడదనే కదే అమ్మలుండేది!"

"అదే గొడవమ్మా. ఈ పుస్తకాల్లో పిల్ల తనంతట తను వెళ్ళాలి. ఇంట్లో అమ్మ ఉంటే అన్నం తిని వెళ్ళు, కోటు వేసుకో, అసలు వెళ్ళకు అంటుంది. కథ వంటింట్లోనే ఆగిపోతుంది. అందుకే అందరూ చంపేస్తారు. నేనొక్కదాన్నే కాదు."

"అందరూ దూకితే నువ్వూ దూకుతావా?"

ముక్కు చీదుకున్న చప్పుడు.

"చంపకపోతే?"

"పుస్తకం తీసుకోరు. మొన్నటి రెండూ పోయాక ఇదే ఆఖరి అవకాశమన్నారు. బీమా కంపెనీ నన్ను మళ్ళీ పిలవదమ్మా. నాకు ఇంకో పని రాదు."

"మరి నువ్వేమన్నావు?"

"చంపనన్నా."

చూశారా. ఎన్నడూ నా మాట విననిది, ఇప్పుడు మొండిపట్టు పట్టింది.

అక్టోబరు 14

దడ. వంట చేస్తుంటే, తుడుస్తుంటే, ఊరికే కూర్చుంటే.

ఆర్విల్లాకి చెప్పకూడదనుకుని చెప్పా.

"ఆ ఎడిటరమ్మకి తల్లి లేదా వదినా?"

"ఉంటే ఇలా మాట్లాడుతుందా."

"ఉండబట్టే మాట్లాడుతోందేమో" అని బిస్కెట్టు కాఫీలో ముంచుకుంది. మనిషి ఎనభైకి దగ్గరపడింది, నాలుక మాత్రం మొన్ననే సానపట్టినట్టుంది.

అక్టోబరు 16

నేనే ఫోను చేశా, న్యూయార్క్‌కి. తను దొరక్కపోతే చెయ్యమని రోవీన ఎప్పుడో ఫ్రిజ్ మీద నంబర్లు అంటించి వెళ్ళింది, ఆ పిల్లది చివర్న ఉంది.

"ఎవరండీ?" అంది.

"అమ్మని."

"ఎవరి అమ్మండీ?"

"నువ్వు చంపమంటున్న అమ్మని."

కుర్చీ లాగిన చప్పుడు. "అయ్యో, రోవీన గారి అమ్మగారా! నమస్కారమండీ. ఎలా ఉన్నారు?"

"ఇప్పటికి బతికే ఉన్నా. నీ దయ."

"మీరు అపార్థం చేసుకున్నారండీ. ఓపల్ అంటే నాకు చాలా ఇష్టం. ఆవిడ చాలా గట్టి మనిషి. ఆవిడ గదిలోకి వస్తే ఇంకెవరూ కనబడరు. అందుకేనండీ."

"గట్టి మనిషైతే చంపేస్తారా మీ ఊళ్ళో? మా ఊళ్ళో పని చెబుతాం."

నవ్వింది. మంచి నవ్వే, ఆ మాట ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పను.

"మీరు చదివారా అండీ?"

"దేన్ని?"

"రోవీన రాసినది. పంపించారా మీకు?"

"చదవక్కర్లేదు. అందులో ఉన్నది నేనే."

"చదవండి అమ్మా. చదివి మళ్ళీ ఫోను చెయ్యండి. మీరు చంపొద్దంటే నేను మళ్ళీ ఆలోచిస్తా. ఒట్టు."

అమ్మా అందట. నా మనవరాలి వయసుది, ఊరికే అమ్మా అంటే కరిగిపోతాననుకుంది. పెట్టేశా.

రోవీనకి ఫోను చేసి కాగితాలు పంపమన్నా. ఎందుకంది. పొయ్యిలోకి అన్నా.

అక్టోబరు 19

వచ్చాయి. ఇటుకంత కట్ట. పోస్టు అబ్బాయి నడుం పట్టుకున్నాడు.

అక్టోబరు 20

అక్షరాల కింద వేలు పెట్టుకుని చదువుతున్నా. నవ్వేవాళ్ళు నవ్వుకోండి. పిల్ల పేరు జూన్, పదహారేళ్ళు. తండ్రి పడవ సముద్రం మీదికెళ్ళి తిరిగి రాలేదు. ఊరంతా ఆశ వదిలేసింది. అందరికంటే బయటున్న దీవి మీద సాయంత్రం పూట ఒక దీపం కనబడుతోంది, జూన్‌కి మాత్రమే. వాళ్ళ నాన్నే వెలిగిస్తున్నాడని దాని పిచ్చి. షెడ్డులో పడి ఉన్న చిన్న పడవ బాగు చేసుకుంటోంది.

ఓపల్ ఫ్యాక్టరీ నుంచి వచ్చి తెడ్లు తీసుకెళ్ళి తన మంచం కింద దాచింది. శభాష్. అదీ తల్లంటే.

అక్టోబరు 21

మామూలుగా నేను ఆపేసే చోటు ఇంకా రాలేదు. అమ్మ చావడం లేదు కదా. ఎక్కడ ముయ్యాలో తెలియక చదువుతూ పోతున్నా.

నేను "కోటు వేసుకో" అని అన్నిసార్లు అంటానా? ఆర్విల్లాని అడిగా.

"అనవు వదినా. పొద్దున నాతో అన్నది వేరే ఎవరో. నేను మీ ఇంట్లోంచి మా ఇంటికి వెళ్ళడానికి."

గాలి వీస్తోంది మరి.

అక్టోబరు 22

జూన్ పడవకి తారు పూస్తోంది. సగం తారు జుట్టుకే అంటుకుంది. రోవీన చిన్నప్పుడు అంతే, ఏ పని చేసినా సగం నెత్తిన. ఓపల్ చూసి ఒక్క మాట మంచిగా అనొచ్చు కదా. పిల్ల అంత బాగా అతికింది పడవ. అనలేదు. చలి అంది. పొగమంచు అంది. అన్నం అంది.

అక్టోబరు 24, శనివారం

ఒళ్ళు మంటతో రాస్తున్నా.

పుస్తకంలో దీపం మూడు రోజులు కనబడలేదు. నాలుగో రోజు కనబడింది, కానీ చిన్నదైపోయింది, ఆరిపోవడానికి సిద్ధంగా. వాతావరణం బాగుంది. అలలు లేవు. మర్నాటికి పొగమంచు దిగుతుంది, వారం పాటు తియ్యదు. వెళ్తే ఇప్పుడే వెళ్ళాలి. పడవ నీళ్ళలో ఉంది. పిల్ల వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మా తెడ్లియ్యి అంది. ఓపల్ లేచి గదిలోకెళ్ళి, మంచం మీద పడుకుని, గోడ వైపు తిరిగింది.

అంతే. అలా పడుకుంది. పేజీ తిప్పా, పడుకునే ఉంది. ఇంకో పేజీ. పిల్ల బతిమాలుతోంది, ఏడుస్తోంది, ఓపల్ కదలదు. వేళ్ళకి టేపు విప్పుకుంటోంది, ఒక్కొక్క వరసా, తీరిగ్గా.

"లేవవే అక్కణ్ణించి, మొండి ఘటమా!" అని అరిచా. డీకన్ బెదిరి పొయ్యి వెనక దూరింది. ఆర్విల్లా కంచె అవతల్నించి పరిగెత్తుకొచ్చింది, మోకాలి వాపు ఏమైందో మరి.

"ఎవరు వదినా? ఎవర్ని తిడుతున్నావు?"

"ఈ ఓపల్‌ని! తెడ్ల మీద పడుకుంది! అక్కడ దీపం ఆరిపోతోంది, ఇది లేవదు!"

"మరి నువ్వైతే?"

"నా సంగతి వేరు."

"ఏం వేరు?"

"నువ్వు వెళ్ళి మోకాలికి కాపడం పెట్టుకో."

అది వెళ్ళాక ఆ పేజీలు మళ్ళీ చదివా, కట్ట అక్కడితో అయిపోయింది. ఓపల్ చేసింది తప్పేమీ లేదు. మొగుణ్ణి మింగిన సముద్రం, కూతుర్ని పంపుతుందా. నేనూ అదే చేస్తా. కానీ కాగితాల కట్ట ముందేసుకుని చదువుతుంటే మాత్రం దాని జుట్టు పట్టుకుని మంచం మీంచి కిందికి లాగెయ్యాలనిపించింది. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్లకి ఇది ముందే తెలిసింది. అదొకటి, అన్నీ తెలుసు దానికి. నడిచే దారిలో జారి పడ, పడి లేవ.

అక్టోబరు 25, ఆదివారం

రోవీన చేసేదాకా ఆగలేదు, నేనే చేశా.

"చంపెయ్."

"ఏంటమ్మా?"

"ఓపల్‌ని. అది చస్తే గాని ఆ పిల్లకి తెడ్లు దొరకవు."

"నేను వేరే దారి చూస్తున్నానమ్మా. ఆమె మనసు మార్చుకుని తనే లేచి తెడ్లిస్తుందని..."

"ఇవ్వదు."

"తెల్లారేసరికి మనసు కరిగి..."

"కరగదు. నేనైతే ఇస్తానా?"

ఆలోచించింది. అంతసేపు ఆలోచించాలా!

"ఇవ్వవు."

"మరి? ఇచ్చినట్టు రాస్తే అది ఓపల్ కాదు, ఎవరో చర్చి బొమ్మ. చంపు. మూడో అధ్యాయంలో మాత్రం కాదు, ఆ న్యూయార్క్ పిల్లకి అంత తొందరైతే బస్సెక్కి వచ్చి తనే చంపుకోమను. పడవ నీళ్ళలో పడేదాకా ఉండనీ. ఆ తారు పని చూడనీ."

"నేను చంపను." "నీ గుండె సంగతి అత్త చెప్పింది. వేసవిలోనే. డాక్టరు రమ్మన్నాడట, నువ్వు వెళ్ళట్లేదట. పుస్తకం వచ్చిన ప్రతిసారీ నువ్వు మెట్లెక్కడం మానేస్తావని కూడా చెప్పింది. తుంటి, పొగగొట్టం, నెమ్ము, అన్నీ వరసగా చెప్పింది. మొదట నవ్వానమ్మా. తర్వాత ఇది మొదలుపెట్టి, అలవాటు ప్రకారం మొదటి పేజీలో అమ్మని చంపబోయా. చెయ్యి రాలేదు."

అదా సంగతి. చేపల డబ్బాలు కావు, టేపు కాదు. నన్ను బతికించడానికి ఓపల్‌ని బతికించింది. దానికోసం ఉన్న ఒక్క పనీ పోగొట్టుకోబోతోంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆరో తరగతి దాటని నేను నమ్మానంటే అర్థముంది. కాలేజీ చదివింది, జుట్టుకి ఊదా రంగు వేసుకుంది, దీనికేమొచ్చింది?

"వెర్రిదానా" అన్నా. "నీ రాతకే గనక అంత సత్తువుంటే, మొన్నటి రెండు పుస్తకాలూ కొవ్వొత్తుల పక్కన ఎందుకు పడుంటాయే?"

అటునుంచి ఒక రకం శబ్దం వచ్చింది, ఏడుపనుకున్నా. నవ్వు. ఆగకుండా నవ్వింది. "అమ్మా, అంత దారుణంగా ఎవరూ విమర్శించలేదు."

"నువ్వు రాసినంత మాత్రాన చచ్చేదాన్నయితే ఏడుసార్లు పోయుండాలి. మంచు మీద జారింది నా చెప్పులు అరిగిపోయి. పొగగొట్టం డేరిల్ శుభ్రం చెయ్యక. నెమ్ము చర్చిలో ఆ పాస్టరు దగ్గు. అందులో నీ గొప్పేమీ లేదు. చంపు, పని చూసుకో."

ఫోను పెట్టాక దడ. ఎప్పుడూ రానంత. గోడ పట్టుకుని నిలబడ్డా.

పెట్టేముందు గొంతు వణకలేదు. అది చాలు.

అక్టోబరు 26

న్యూయార్క్ పిల్లకి ఫోను చేశా, ఒట్టు వేసింది కదా. "చంపుకోండి" అని పెట్టేశా. కృతజ్ఞతలు చెప్పే సందివ్వలేదు.

అక్టోబరు 28

అయిందో లేదో.

నవంబరు 1, ఆదివారం

కాలేదట. రోవీన రాయడానికి కూర్చుంటుందట, ఓపల్ దగ్గుతుందట, మళ్ళీ చెరిపేస్తుందట.

"దగ్గేంటే? దగ్గుతో చావడానికి పాస్టరనుకున్నావా? ఫ్యాక్టరీ మనిషి, అలా నానబెట్టి చావదు. నిలబడి పనిచేస్తూ పోతుంది."

"నువ్వలా మాట్లాడకమ్మా."

"ఏడుపు తర్వాత. ముందు పని. పక్కన చేపలు పేరుకుపోతుంటే ఏడుస్తూ కూర్చునేవాళ్ళమా మేము?"

మెట్లెక్కడం మానేశా. ఊరికే, మేడ మీద పనేమీ లేక.

నవంబరు 2

డేరిల్‌తో చెప్పి ఆసుపత్రిలో పరీక్షకి రోజు తీయించా. పదహారో తేదీ, సోమవారం. వాడు "ఏం, ఇప్పుడు గుర్తొచ్చిందా" అన్నాడు. చలికాలంలో బోనులు ఒడ్డుకెక్కాక నీకు ఖాళీ అని అన్నా. నమ్మాడు. మగపిల్లలతో అదొక సుఖం.

నవంబరు 5

పొద్దున ఫోను. "అయిపోయిందమ్మా" అని పెట్టేసింది.

బతికే ఉన్నా. పదకొండయింది, బతికే ఉన్నా. మధ్యాహ్నం చేపల సూపు, చౌడర్, కాచుకున్నా. చేప ముళ్ళు ఏరి పారేశా. సాయంత్రమూ బతికే ఉన్నా. ఆర్విల్లా వచ్చి గుమ్మంలోంచి తల పెట్టి చూసింది.

"ఏం చూస్తున్నావు?"

"ఊరికే వదినా. నీ ఎర్ర టీ కప్పు వీలునామాలో ఎవరికి రాశావో అడుగుదామని."

"నీకు కాదు."

కూర్చుంది. చీకటి పడేదాకా వెళ్ళలేదు. మోకాలు నొప్పి, నడవలేనంది. ఇన్నేళ్ళలో దాని నోటివెంట అబద్ధం రావడం ఇదే వినడం.

నవంబరు 8, ఆదివారం

రోవీన. గొంతు తేటగా ఉంది, తిండి తింటోందనుకుంటా.

"ఇంతవరకూ రాసింది రేపు పైపర్‌కి పంపించెయ్యనా అమ్మా?"

"నాకు చదివి వినిపించాక."

"కాగితాలు పంపుతా."

"కాగితాలొద్దు. నువ్వు రా. నా వంటింట్లో కూర్చుని, నా మొహం చూస్తూ చదువు. చంపినదానివి, ఆ మాత్రం చెయ్యలేవా?"

"నాలుగు గంటల ప్రయాణం."

"ఓపల్ కంటే నీకే కష్టమైనట్టు చెబుతున్నావు."

అడిగేశా. అడగకూడదనుకున్నది.

"నొప్పి పడిందా?"

"లేదమ్మా."

"అబద్ధమాడకు. పడితే పడిందని రాయి."

"కొంచెం. కానీ భయపడలేదు. ఆఖరి మాట జూన్‌ని తిట్టి పోయింది."

"ఏమని?"

"వచ్చి చదువుతాలే."

తిట్టిందట. నాకేమీ సంతోషం లేదు, ఊరికే రాసుకుంటున్నా.

"ఆ తర్వాతవి కూడా తీసుకురా" అన్నా. "తెడ్లు దొరికాక. పిల్ల దీవికి చేరిందా, ఆ దీపం ఎవరిదో, అవన్నీ."

"అమ్మ చచ్చాక నువ్వు చదవవుగా?"

"నేనెక్కడ చదువుతున్నా? చదివేది నువ్వు."

"దీపం సంగతి ఇంకా రాయలేదమ్మా. నాకే తెలియదు ఎవరు వెలిగిస్తున్నారో."

"అయితే తెలుసుకుని రా. వారముంది. ఈ వారాంతమే రావాలి, తర్వాత కాదు."

"తెలుసు. సోమవారం ఆసుపత్రికి డేరిల్ కాదు, నేను తీసుకెళ్తా. అత్త చెప్పింది."

ఈ ఊళ్ళో మన గుండె కూడా మనది కాదు.

జింకల వేట రోజులు, దారంతా తుపాకులే. జింకనుకుని కాలుస్తారు, నారింజ టోపీ లేకుండా ఎక్కడా కారు దిగొద్దన్నా. చీకటి పడకుండా చేరమన్నా. టైర్లు చూపించుకోమన్నా. ఊ, ఊ అంది. ఇంకేదో చెప్పబోతే "అమ్మా, నేను బయల్దేరాలా వద్దా?" అంది.

నోరు మూసుకున్నా. కష్టమైంది.

వస్తోంది. పద్నాలుగో తేదీ, శనివారం, మధ్యాహ్నం భోజనానికి.